ఏది ముందైనా ఒకటే

విచారణ కమిటీ ముందు సుభాషిణి చెప్పవలసిన మాటలు మూడే. రావులవాగు బొగ్గుగనిలోని యంత్రాలన్నిటినీ తమ ల్యాబు పరీక్షించింది. ఆ పరీక్షలో ప్రమాదానికి దారితీసే వరస ఒక్కటి కూడా దొరకలేదు. ధ్రువపత్రం మీద ఉన్న రెండు సంతకాల్లో ఒకటి తనది. ఈ మూడూ చెప్పేసి రెండున్నరకల్లా బయలుదేరితే ఆరింటికి హనుమకొండ చేరి, కూతురు సంహితను బడి నుంచి తీసుకుని ఇంటికి పోవచ్చని అనుకుంది. లోపలికి వెళ్ళబోయే ముందు భర్త రఘునందన్‌కి ఫోన్ చేసి అదే చెప్పింది. తర్వాత ఫోన్ ఆపి సంచిలో వేసుకుంది.

గని అతిథిగృహంలో భోజనాల బల్లకు తెల్లగుడ్డ పరిచి ముగ్గురు సభ్యులు కూర్చున్నారు. ఎదురుగా ఒక పక్క గని యజమానుల తరఫు వకీలు, ఇంకో పక్క యూనియన్ వాళ్ళు ఉన్నారు. వాళ్ళ వెనక గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి జాడి రాజలింగు. యాభై దాటిన వయసు. మధ్యమధ్య దగ్గుతున్నాడు. దగ్గొచ్చినప్పుడల్లా భుజం మీది తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంటున్నాడు.

జరిగింది అందరికీ తెలిసిందే. నెల కిందట గని ఏడో ప్యానెల్లో, అంటే బొగ్గు తవ్వే ఏడో భాగంలో, బొగ్గు మోసే బెల్టు ఇరుక్కుని, రబ్బరు రాసుకుని పొగ లేచింది. బెల్టు దారికీ బయటికి పోయే గాలి దారికీ మధ్య ఒక ఇనుప తలుపు ఉంది. పొగతలుపు అంటారు. ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు ఆ తలుపు తెరిస్తే పొగంతా బయటికి లాగేస్తుంది. ఫ్యాన్ ఆగినప్పుడు తెరిస్తే పొగ వెనక్కి తిరిగి మనుషులు పనిచేసే చోటికి పోతుంది. ఆ రోజు తలుపు తెరిచి ఉంది, ఫ్యాన్ ఆగి ఉంది. బెల్టు బాగుచేస్తున్న ఓదెలు, సమ్మయ్య ఇద్దరూ చనిపోయారు. గనిలో తక్కినవన్నీ వాటంతటవే నడిచే యంత్రాలు. ఈ తలుపొక్కటే చేత్తో తీసేది. కరెంటు పోయినా పనిచెయ్యాలని అట్లా ఉంచారు. దాని దగ్గర కూర్చునే మనిషి రాజలింగు.

"పదిహేడు యంత్రాలు. దేని పని దానిది, దేని వేగం దానిది" అన్నాడు కమిటీ అధ్యక్షుడు, కాగితాలు తిరగేస్తూ. "ఏది ఎప్పుడు ముందు పనిచేస్తుందో ఎవరికీ తెలియదు. అన్ని వరసలూ మీరు చూశామంటున్నారు. అది ఎట్లా సాధ్యమో కాస్త చెప్తారా అమ్మా?"

ఈ ప్రశ్న సుభాషిణికి కొత్త కాదు. "సార్, నేను నిలబడ్డప్పటి నుంచి చూస్తున్నా. మీ ఎడమ పక్క సారు నీళ్ళు తాగారు. కుడి పక్క సారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. ఏది ముందు జరిగిందో నేను గమనించలేదు. గమనించే పని లేదు. నీళ్ళు ముందు తాగినా, కళ్ళజోడు ముందు తీసినా చివరికి బల్ల మీద ఉన్నది అదే. అట్లాంటి జతల్ని మా ల్యాబులోని పరీక్ష యంత్రం పట్టుకుంటుంది, దాన్ని జల్లెడ అంటాం. రెండు వరసలు చూడాల్సిన చోట ఒక్కటే చూస్తుంది. యంత్రాలు పదిహేడుంటే ఇట్లాంటి జతలు కోట్లలో ఉంటాయి. అవన్నీ రాలిపోతే మిగిలేది ఒక పూటలో చూడగలిగినంత."

"ఫ్యాన్ ఆగేటప్పుడు మోగే గంట, బెల్టు దగ్గర పొగ లేస్తే మోగే సైరన్. ఇవీ అట్లాంటి జతేనా?"

"అవును సార్. ఫ్యాన్‌కీ బెల్టుకీ మధ్య తీగ లేదు. ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు. ఒకదాన్నొకటి తాకవు. కాబట్టి గంట ముందు మోగినా సైరన్ ముందు మోగినా ఒకటే."

వెనక గోడ దగ్గర్నుంచి రాజలింగు అన్నాడు. "మేడం, నాకు ఒకటి కాదు."

గొంతు పెద్దది చెయ్యలేదు. ఎవరో దారి తప్పు చెబితే సరిదిద్దినట్టు అన్నాడు. మళ్ళీ దగ్గొచ్చింది, తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

వకీలు లేచాడు. సైరన్ ముందు మోగిందనీ, రాజలింగు తలుపు సరిగ్గానే తెరిచాడనీ, తర్వాత ఫ్యాన్ ఆగుతున్నట్టు గంట మోగితే మాత్రం మూయడం మరిచిపోయాడనీ తమ వాదన అని చెప్పాడు. రాజలింగు మాత్రం గంటే ముందు మోగిందంటున్నాడు. రెండు యంత్రాల గడియారాలూ వేరు, వాటి మధ్య నిమిషం దాకా తేడా ఉంది, అందుకని రికార్డు చూసి ఏది ముందో తేల్చలేం. "తేల్చే అవసరం కూడా లేదు సార్. ఏది ముందైనా ఒకటేనని ధ్రువపత్రమే చెప్తోంది. యంత్రాల్లో తప్పు లేదని నిరూపణ అయింది. ఇక మిగిలింది మనిషి."

"నీ వంతు వచ్చే గురువారం ఉంది రాజలింగూ. అప్పుడు చెప్పు" అన్నాడు అధ్యక్షుడు. సుభాషిణిని వెళ్ళమన్నాడు.

*

హనుమకొండలో బడి గేటు దగ్గర కారు ఆపేసరికి ఆరుకు ఐదు నిమిషాలుంది. సంహిత మెట్ల మీద కూర్చుని ఉంది. పక్కన వాచ్‌మన్ కుర్చీ వేసుకుని కాపలా ఉన్నాడు. పిల్ల మొహం చూడగానే ఏదో జరిగిందని తెలిసింది.

"నాలుగున్నరకే వదిలేసిన్రు. స్పెషల్ క్లాసు లేదని మెసేజ్ పెట్టిన్రట" అంది సంహిత కారెక్కుతూ. ఇంటిదాకా మొహం కిటికీ వైపే తిప్పుకుని కూర్చుంది.

రఘునందన్ ఒక కాలేజీలో లెక్కల లెక్చరర్. ఆ పూట ఇంట్లోనే ఉన్నాడు. విషయం తెలిశాక తల పట్టుకున్నాడు.

"బడి మెసేజ్ నాకు పన్నెండుముప్పావుకే వచ్చింది సుభా. వెళ్దామనే అనుకున్నా. ఇంతలో నీ ఫోను. పాపని నేనే తెచ్చుకుంటానన్నవు. మెసేజ్ నీకూ వచ్చే ఉంటది, చూసే చెప్తున్నవనుకున్నా."

"నేను చూడలేదు. ఆరింటికి అని కూడా చెప్పాను కదా."

"ఆరింటికి ఇంటికొస్తనంటున్నవనుకున్నా. అదే నీ ఫోను ముందొచ్చి, తర్వాత మెసేజ్ వస్తే, ఇదేదో మారిందని నీకు ఫోన్ చేసేవాణ్ణి. నీ ఫోను ఎత్తకపోతే నేనే పోయేవాణ్ణి." అతను వంటింట్లోకి వెళ్ళి కూతురికి పాలు వెచ్చబెట్టాడు.

సుభాషిణి చెప్పుల్తోనే హాల్లో నిలబడిపోయింది. బడికి తన ఫోను సంగతి తెలియదు. తనకు బడి మెసేజ్ సంగతి తెలియదు. రెంటికీ మధ్య తీగ లేదు. రెండూ రఘునందన్ దగ్గరికి వచ్చాయి. ఒక వరసలో వస్తే అతను ఇంట్లో ఉన్నాడు. ఇంకో వరసలో వస్తే బడికి వెళ్ళేవాడు.

పిల్లను దగ్గరకు తీసుకుని సారీ చెప్పింది. సంహిత కాసేపు బిగుసుకుని కూర్చుంది గాని, పాలు తాగాక మెత్తబడింది. ఆ తర్వాత హోంవర్కు చేయిస్తున్నంత సేపూ సుభాషిణి చెవిలో రాజలింగు మాటే ఉంది. నాకు ఒకటి కాదు.

*

జల్లెడను తయారుచేసింది ఇద్దరు. ఆలోచన సుభాషిణిది. దాన్ని నడిచే యంత్రంగా మలిచి, దాని చుట్టూ ఒక ల్యాబు కట్టినవాడు చకిలం నరహరి. ఆరేళ్ళ కిందటి మాట అది. అంతకు ముందు నాలుగు లిఫ్టులున్న ఆస్పత్రిలో, అవి నాలుగూ కలిసి నడిచే తీరు పూర్తిగా పరీక్షించాలన్నా ఏడాది పట్టేది. ఏ రెండు పనులు ఒకదాన్నొకటి తాకవో మనుషులు కూర్చుని జాబితా రాయాలి, ఆ జాబితాలో తప్పులుండేవి. జల్లెడకు జాబితా అక్కర్లేదు. యంత్రాల తీగలు, వాటి లోపలి జ్ఞాపకాలు అన్నీ తనే చదివి, తనే తేల్చుకునేది. అది వచ్చాక ప్రభుత్వం చట్టం చేసింది. మూడు యంత్రాలకు మించి కలిసి పనిచేసే ప్రతి చోటుకూ ధ్రువపత్రం ఉండాలి. ఇప్పటికి నలభై ఆరు ధ్రువపత్రాలు ఇచ్చారు. రావులవాగు గని వాటిలో పంతొమ్మిదోది.

మర్నాడు ఆమె ల్యాబుకు పోలేదు. సెలవు పెట్టి, మళ్ళీ రావులవాగు వెళ్ళి, రాజలింగు ఉండే క్వార్టరు వెతుక్కుంది. అతని భార్య మల్లక్క తలుపు తీసి, ఎవరో తెలిశాక ఒక నిమిషం అడ్డంగానే నిలబడింది.

"నిన్న ఆయన మీద చెప్పింది నువ్వేనట కదా" అంది.

"అవునక్కా. ఆయన్ని అడగాల్సింది అడగకుండా చెప్పాను. అడుగుదామని వచ్చాను."

లోపల రాజలింగు మంచం మీద లేచి కూర్చున్నాడు. ప్రమాదం రోజు పొగలోకి ఉరికి సమ్మయ్యను నలభై అడుగులు ఈడ్చుకొచ్చినప్పుడు పట్టుకున్న దగ్గు ఇంకా తగ్గలేదు. కేసు పెట్టి సస్పెండు చేశాక పలకరించడానికి ఎవరూ రావడం లేదని, చనిపోయిన ఓదెలు ఇల్లు రెండు వీధుల అవతలేనని, ఆ వీధిలోకి తాము పోవడం మానేశామని మల్లక్క టీ ఇస్తూ చెప్పింది.

"తలుపు కాడ మీరు కూర్చునే చోటు నుంచి చెప్పండి. ఏమేం కనిపిస్తయి, ఏమేం వినిపిస్తయి?" అంది సుభాషిణి, నోటుబుక్కు తీసి.

"కనిపించేటిదేం లేదు మేడం. లైటు, గోడ, తలుపు. అంతా చెవుల మీదనే. గంట మోగితే ఫ్యాన్ ఆగుతున్నట్టు. సైరన్ మోగితే బెల్టు కాడ పొగ లేసినట్టు. గోడకు కార్డు పెట్టిన్రు. రెండే లైన్లు. సైరన్ మోగితే ఎంటనే తలుపు తెరువుము. గంట మోగితే తలుపు మూయుము."

"ఆ రోజు?"

"ముందుగాల గంట. తలుపు మూసే ఉన్నది, సేతితో నూకి సూసిన. అటెన్క సైరన్. ఎంటనే తెరువుమన్నది కార్డు. తెరిచిన."

"గంట మోగి ఉంది కదా, ఫ్యాన్ ఆగి ఉంటుందని తోచలేదా?"

"తోసింది. గని ఒకటి మూయమంటది, ఒకటి తెరువుమంటది. ఎనకొచ్చిన మాట వినాలె అనుకున్న. సైరన్ మోగుతాంటే లోపల ఇద్దరున్నరని తెలిసి, సేతులు కట్టుకొని నిలబడుతమా?" టీ గ్లాసు కింద పెట్టాడు. "కార్డు మీద మీ ల్యాబు ముద్రే ఉన్నది మేడం."

ఆ సంగతి సుభాషిణికి తెలియదు. గని వాళ్ళు రాసిన కార్డును ల్యాబులో ఎవరో యంత్రాల పట్టికతో పోల్చి, ఒక్కో లైను విడివిడిగా సరిగ్గానే ఉందని ముద్ర వేసి ఉంటారు. విడివిడిగా రెండూ సరైనవే.

ఆమె ఇంకో గంట కూర్చుని అడిగింది. సైరన్ వినగానే తలుపు దాకా ఎన్ని అడుగులు, గడియ తీయడానికి ఎంతసేపు, గంట కరెంటు పోయినప్పుడూ మోగుతుందా, ఫ్యాన్ మార్చినప్పుడూ మోగుతుందా, రెంటికీ ఒకటే మోతా. రెంటికీ ఒకటే మోతన్నాడు. వారానికొకసారి పెద్ద ఫ్యాన్ ఆపి రెండో ఫ్యాన్ వేస్తారనీ, మధ్యలో నలభై సెకన్లు గాలి ఉండదనీ, అప్పుడూ అదే గంటనీ చెప్పాడు. ఆ రోజు జరిగింది ఆ మార్పిడే.

*

శనివారం, ఆదివారం ఆమె ల్యాబులో ఒక్కతే కూర్చుంది. గని మొత్తాన్ని జల్లెడ లేకుండా చూడడం ఎవరి తరమూ కాదు. కానీ ఆ మూల మాత్రం చిన్నది. ఫ్యాన్, బెల్టు, తలుపు. వాటికి నాలుగోది చేర్చింది, మనిషి. రాజలింగు చెప్పినదంతా యంత్రాలకు రాసే భాషలోనే రాసింది. ఏం వింటాడు, విన్నాక ఏం చేస్తాడు, ఎంతసేపట్లో. ఆరేళ్ళలో జల్లెడకు చదవడానికి ఇచ్చిన వాటిలో తీగలుండేవి, జ్ఞాపకాలుండేవి. మనిషి ఎప్పుడూ లేడు.

జల్లెడను పక్కనపెట్టి, ఏ వరసా వదలకుండా అన్నీ చూడమంది. పదకొండు నిమిషాల్లో అయిపోయింది. మొత్తం ఎనిమిది లక్షల చిల్లర వరసలు. వాటిలో రెండు వందల పన్నెండింటిలో తలుపు తెరిచి ఉంది, ఫ్యాన్ ఆగి ఉంది, ఏడో ప్యానెల్లో పొగ ఉంది. ఆ రెండు వందల పన్నెండింటిలోనూ గంట ముందు మోగి, అది ఆగేలోపు సైరన్ మోగింది. ఒక్కటి కూడా మినహాయింపు లేదు. తర్వాత పాత పరీక్ష రికార్డు తీసి చూసింది. జల్లెడ ఈ జతను కలిపేసి, సైరన్ ముందు మోగే సగాన్ని ఉంచుకుని, గంట ముందు మోగే సగాన్ని మొత్తంగా రాల్చేసింది. ఆ సగం వైపు ఎవరూ తిరిగి చూడలేదు.

సోమవారం పొద్దున నరహరి గదిలో కాగితాలు పెట్టి చెప్పింది. ఆయన రెండుసార్లు చదివాడు. లెక్క తప్పని అనలేదు. ఆయనకు లెక్క తెలుసు.

"నలభై ఆరిట్లో మనుషులు కూర్చునే చోట్లు ఎన్ని?" అన్నాడు.

"నలభై ఒకటి."

"ఆస్పత్రులు?"

"తొమ్మిది."

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. "సుభాషిణీ, ఒక మాట విను. జల్లెడ రాకముందు ఈ నలభై ఆరిట్లో ఒక్కదాన్నీ ఎవరూ చూడలేదు. మనం చూసినందుకు ఆగిపోయిన ప్రమాదాలు ఎన్నో నీకు తెల్సు, ఆ పట్టిక నువ్వే చేసినవ్. రేపు పోయి పత్రాలన్నీ చెల్లవంటే, ఆ ఆస్పత్రుల్లో యంత్రాలు బంద్ పెడ్తరు. నర్సులు చేతుల్తో మందులు కొలుస్తరు. దాని వల్ల పోయే ప్రాణాలు ఏ లెక్కల రాస్తవ్?"

"అది కూడా నిజమే సార్."

"నాకు ఆర్నెల్లు ఇయ్యి. మనిషిని కూడా జల్లెడలోకి తెద్దాం. ఒక్కొక్కటి మళ్ళీ చూద్దాం. సప్పుడు లేకుండ సరిచేద్దాం."

"ఆర్నెల్లకి రాజలింగు జైల్లో ఉంటడు సార్. గురువారం ఆయన చెప్పేది ఎవరూ వినరు. ఏది ముందైనా ఒకటేనని నేను చెప్పి వచ్చిన కాబట్టి."

నరహరి కిటికీ దగ్గర్నుంచి వెనక్కి తిరిగాడు. ల్యాబులో ఇరవై ముగ్గురు పనిచేస్తున్నారు. అద్దం తలుపు అవతల వాళ్ళు కనిపిస్తూనే ఉన్నారు. చివరికి ఆయన బల్ల దగ్గరికి వచ్చి కూర్చుని, "ఉత్తరం నువ్వు రాయి. ఆస్పత్రులకు ముందు పంపాలె, పేపర్లో చూసి తెల్సుకునుడు మంచిది కాదు. నేనూ సంతకం పెడ్త. కాని అక్కడికి వచ్చి నిలబడుడు నాతో కాదు" అన్నాడు.

ఆ మూడు రోజులూ ఉత్తరాలు రాయడంలోనే గడిచాయి. తొమ్మిది ఆస్పత్రుల వాళ్ళకూ సుభాషిణి స్వయంగా ఫోన్ చేసి, ఏ యంత్రం దగ్గర మనిషి రెండు మోతలు వినవలసి ఉంటుందో అడిగి రాసుకుంది. అక్కడ ఇంకో మనిషిని తోడు పెట్టమంది. ఇద్దరు తిట్టారు. ఒకరు మాత్రం, మా నర్సు ఈ సంగతి రెండేళ్ళ నుంచి చెప్తూనే ఉందమ్మా, మీ పత్రం చూపించి నోరు మూయించాం అన్నారు.

*

గురువారం కమిటీ ముందు ఆమె అరగంట మాట్లాడింది. వకీలు అడ్డుపడ్డాడు. "పోయినసారి ఒకటే అన్నారు, ఇప్పుడు ఒకటి కాదంటున్నారు. మిమ్మల్ని ఏ మాటకు నమ్మాలి?"

"పోయినసారి నేను యంత్రాల గురించి చెప్పాను. ఫ్యాన్‌కూ బెల్టుకూ మధ్య తీగ లేదన్నది ఇప్పటికీ నిజమే. ఆ రెండూ కలిసేది ఆయన చెవిలో. ఆయన్ని మేము లెక్కలోకి తీసుకోలేదు. తీసుకోకుండా అన్నీ చూశామని రాసి సంతకం పెట్టాను. అది నా తప్పు."

"అంటే యంత్రాలు సరైనవే, మనిషి వల్లే జరిగిందని మీరూ ఒప్పుకుంటున్నట్టే కదా?"

"కాదండి. కార్డు ఏం చెప్పిందో ఆయన అది చేశాడు. ఆ కార్డులో రెండు లైన్లున్నాయి. ఏ లైను ముందు వస్తే ఏమవుతుందో చూడాల్సింది మేము. చూడకుండా ముద్ర వేశాం. ఆ ముద్ర కూడా మాదే."

ఆ తర్వాత జరగవలసినవన్నీ జరిగాయి. నలభై ఆరు పత్రాలూ రద్దయ్యాయి. రాజలింగు మీద కేసు ఎత్తేశారు, ఉద్యోగం తిరిగి ఇచ్చారు గాని ఊపిరితిత్తుల వల్ల అతను మళ్ళీ గనిలోకి దిగే వీలు లేదు, గనిలోకి దిగేవాళ్ళకు దీపాలిచ్చే గదిలో పని చూపించారు. ల్యాబు నాలుగు నెలలు నడిచి మూతపడింది. నరహరి తన ఊరికి వెళ్ళిపోయాడు. సుభాషిణి మూడేళ్ళపాటు ఏ పరీక్షా పత్రం మీదా సంతకం పెట్టరాదని ఉత్తర్వు వచ్చింది. ఒక ఆస్పత్రిలో యంత్రాలు ఆపిన మూడో వారం మందు కొలత తప్పి ఒక ముసలాయన ప్రాణం మీదికి వచ్చి, బతికి బయటపడ్డాడు. ఆ వార్త చదివిన రోజు ఆమె అన్నం తినలేకపోయింది. రఘునందన్ కంచం మీద మూతపెట్టాడు.

*

ల్యాబు సామాన్లు సర్దుతున్న రోజుల్లో ఒక ఉదయం రాజలింగు వచ్చాడు. బస్సులో వచ్చానన్నాడు. కూర్చోమంటే ఒక అట్టపెట్టె మీద కూర్చున్నాడు.

"థాంక్స్ చెప్పుదామని రాలే మేడం. ఒకటి అడుగుదామని వచ్చిన. మీరు అన్ని వరుసలు చూసిన్రంటిరి. ఒక్కటి కూడ వదలలేదంటిరి."

"ఆ మూలవరకు, అవును."

"అయితే అండ్లనే ఉంటది కదా. ఆ రోజు నేను ఆ తలుపు తెరవకుంటే ఏమయ్యేదో."

ఆమె చేతిలోని తీగల చుట్ట కింద పెట్టింది. ఈ ప్రశ్న వస్తుందని ఆమెకు తెలుసు. ఆదివారం నాడే, పదకొండు నిమిషాల పరీక్ష అయిపోయిన వెంటనే, ఆ సమాధానం వెతికి చూసింది. చూసి ఎవరికీ చెప్పలేదు. కమిటీ అడగలేదు.

"మీ తప్పు లేదు రాజలింగన్నా" అంది.

"అది అందరు చెప్తున్నరు. నేనడిగింది అది కాదు."

"ఆగి ఉంటే బతికేవాళ్ళు" అంది సుభాషిణి. "నలభై సెకన్లు. రెండో ఫ్యాన్ తిరగడం మొదలయ్యాక తలుపు తీసుంటే పొగ బయటికి పోయేది. కానీ ఆ గంట ఫ్యాన్ మార్పిడికో, కరెంటు పోయో మీకు తెలియదు. రెంటికీ ఒకటే మోత. కరెంటు పోయి ఉంటే, మీరు ఆగిన ఆ నలభై సెకన్ల తర్వాత కూడా గాలి వచ్చేది కాదు, వాళ్ళిద్దరూ నడిచి బయటపడడానికి ఉన్న దారి ఆ తలుపొక్కటే, అది మూసుకుని ఉండేది. రెండు సంగతుల్లోనూ మీకు వినపడేది ఒకటే. ఎంచుకోవడానికి మీ దగ్గర ఏమీ లేదు."

రాజలింగు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"నలభై" అన్నాడు. తర్వాత, "ఐదు నెలల నుంచి నాకు తెలుస్తనే ఉన్నది మేడం. పండుకుంటే అదే, లేస్తే అదే. ఎవరన్న గట్టిగ చెప్తే బాగుండు అనుకున్న. తప్పు లేదు తప్పు లేదు అని పంపుతరు" అన్నాడు.

లేచి నిలబడ్డాడు. "ఓదెలు భార్య స్వరూప ఉన్నది. ఆమె నాతోని మాట్లాడదు. కేసు కొట్టేసిన్రని తెల్సి ఇంకింత కోపం పెట్టుకున్నది. ఆమెకు చెప్పాలె. పేపరోళ్ళో వకీళ్ళో చెప్పేకంటె ముందు నేను చెప్పాలె. మీరు రావాలె. లెక్క నాకు చెప్పొస్తలేదు."

*

స్వరూప ఇంటి ముందు ఇద్దరూ చెప్పులు విడిచారు. స్వరూప కుట్టుమిషను దగ్గర్నుంచి లేచి గుమ్మంలోకి వచ్చింది. సన్నటి మనిషి, నలభై ఉంటాయి. లోపలికి రమ్మనలేదు.

"స్వరూపా, ఆ రోజు నేను తలుపు తెరవకుండ నలభై సెకన్లు ఆగి ఉంటే ఓదెలు బతికేటోడు" అన్నాడు రాజలింగు. దారిపొడుగునా అనుకుంటూ వచ్చిన మాట అది. అనేసి తల వంచుకున్నాడు.

స్వరూప గుమ్మానికి చెయ్యి ఆనించి నిలబడింది. కుట్టుమిషను మీది దారపుకండె దొర్లి కింద పడింది, ఆమె అటు చూడలేదు.

"నీకు తెల్సా అప్పుడు? ఆగితే బతుకుతరని?"

"తెల్వది."

"తెల్వడానికి దారి లేదమ్మా" అంది సుభాషిణి. "ఎట్లా విన్నా తెలిసేది కాదు."

"నువ్వెవరు?"

"గనిలో అంతా సరిగ్గా ఉందని సంతకం పెట్టింది నేను."

స్వరూప ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. ఐదు నెలల నుంచి ఒక మనిషిని పేరు పెట్టి తిట్టుకున్న గొంతు అది. ఇప్పుడు మెల్లగా అడిగింది. "రాజలింగును తిట్టుకుంట ఇన్ని రోజులు గడిపిన. ఇగ ఎవర్ని తిట్టుకోవాలె నేను?"

"నన్ను" అంది సుభాషిణి.

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. రాజలింగు దగ్గాడు. ఆ దగ్గు తెగేదాకా స్వరూప ఆగింది. తర్వాత లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి, అతని చేతికి ఇచ్చింది. మొహం చూడకుండానే ఇచ్చింది. గోడకు ఆనించి ఉన్న చాప తీసి పరిచింది.

"కూసోండ్రి ఇద్దరు. ఆఫీసోళ్ళు వచ్చి ఇన్నిసార్లు చెప్పిన్రు, ఒక్కనికన్న పూర్తిగ చెప్పొచ్చిందా? పొద్దున ఆయన డ్యూటీకి పోయినకాంచి చెప్పు. ఏదన్న వదిలిపెడితే నాకు తెలుస్తది."

సుభాషిణి చాప మీద కూర్చుంది. నోటుబుక్కు తియ్యలేదు. ఆ రోజు పొద్దున ఆరింటికి మొదటి షిఫ్టువాళ్ళు గనిలోకి దిగిన దగ్గర మొదలుపెట్టి, దేని తర్వాత ఏది జరిగిందో, ఒక్కటి కూడా దాటవేయకుండా చెప్పసాగింది.